తిరిపాలు దాచిన దెబ్బ

అడవి అంచున వాగు ఎండి ఇసుక మేట వేసిన చోట జంతువుల కుర్రకారు కబడ్డీ ఆడేది. ఆట నేర్పేది నక్క. అందరూ దాన్ని మాస్టారనేవాళ్లు. జట్టుకు బలం తిరిపాలనే పొట్టేలు. శుక్రవారం అవతలి గట్టు జట్టుతో ఆఖరి పోటీ.

గురువారం పొద్దున సాధనలో తిరిపాలూ కోడెదూడా తలలు గుద్దుకున్నారు. దూడ ఒళ్లు దులుపుకుని లేచాడు. తిరిపాలు లేచి, తూలుతూ వెళ్లి ఎదుటివాళ్ల వైపు నిలబడ్డాడు. కాసేపటికి మేసిందంతా కక్కేశాడు. ఎండవైపు చూడలేకపోయాడు.

"తల దిమ్ముగా ఉంది మాస్టారూ."

"కొండను ఢీకొట్టే జాతిరా మీది. దూడ తగిలితే దిమ్మా?" అంది నక్క. "ఎద్దు తాతకు తెలిస్తే నిన్ను కూర్చోబెట్టేస్తాడు. రేపు ఓడితే జట్టంతా నిన్నే అంటుంది. ఆలోచించుకో."

తిరిపాలు సరేనన్నాడు.

పోటీలు నడిపేది ఎద్దు తాత. దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆయన మూడే ప్రశ్నలు అడుగుతాడు: ఇవాళ ఏ వారం, ఎవరితో ఆట, తల నొప్పిగా ఉందా. ఆ సంగతి నక్కకు తెలుసు. అందుకే వరసగా వల్లె వేయించింది. "శుక్రవారం. అవతలి గట్టు. లేదు. ఊఁ, మళ్లీ చెప్పు."

ఇదంతా విన్న మేకపిల్ల ఓబులి ఊరుకోలేదు. "తాతకు చెబుతాను" అంది.

"చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు తిరిపాలు.

"లేకపోతే పోనీలే. బతికుంటే బలుసాకు తినొచ్చు."

సాయంత్రం ఓబులి చెప్పినదంతా ఎద్దు తాత నెమరు ఆపి విన్నాడు. "జవాబులు కూడా నేర్పిందా నక్క? సరే, నేర్పనీ."

మర్నాడు బరి దగ్గర తిరిపాలును పిలిచాడు. "తల నొప్పిగా ఉందా?"

"శుక్రవారం."

"ఇవాళ ఏ వారం?"

"అవతలి గట్టు."

"ఎవరితో ఆట?"

"లేదు తాతా."

కుర్రకారు నవ్వబోయి, తిరిపాలు మొహం చూసి ఆగిపోయింది.

"ఇది మోసం" అంది నక్క.

"ప్రశ్నలు అవే మాస్టారూ. వరసే మార్చాను." ఎద్దు తాత జట్టువైపు తిరిగాడు. "మా అన్న మొదటి దెబ్బ దాచాడు. అది మానకముందే రెండోది తగిలింది. ఇక లేవలేదు. తిరిపాలూ, నీడకు పో. నేను సరేననేదాకా బరిలోకి రావద్దు."

తిరిపాలు లేకుండా ఆడి జట్టు ఓడింది. అతన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

మర్నాడు నక్క సాధనకు పిలిస్తే ఎవరూ రాలేదు. కోడెదూడ ఎద్దు తాత ముందు నిలబడి ఉన్నాడు. "తాతా, ఆ రోజు గుద్దుకున్నప్పట్నుంచీ నాకూ చెవుల్లో హోరు. చెప్పలేదు." అతని వెనక, తన దెబ్బ చెప్పుకోడానికి కుందేలు. కుందేలు వెనక జింకపిల్ల. నక్క ఒంటరిగా తోక ముడుచుకుని పొదల్లోకి పోయింది.

చెప్పుకున్న దెబ్బ మానుతుంది, దాచుకున్న దెబ్బ మనిషిని తింటుంది.