కళాయి మస్తానమ్మ, తోక లేని చేప కాసు

అనగనగా టంకశాల ఉన్న ఒక ఊళ్ళో మస్తానమ్మ అని ఒకావిడ ఉండేది. టంకశాల అంటే కాసులు చేసే చోటు, బంగారూ. మస్తానమ్మ వీధి వీధీ తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేది. కొలిమి రాజేసి, తోలు తిత్తితో గాలి ఊదేది. గిన్నె కాలాక తగరం ముక్క రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పేది. పచ్చటి గిన్నె లోపలంతా తెల్లగా మెరిసిపోయేది.

ఆ ఊరి రాగి కాసు మీద ఒకవైపు చేప, ఇంకోవైపు వరి కంకి. టంకశాలలో పొరపాటున తప్పుగా పడ్డ కాసు ఎవరు తెచ్చినా, బదులు పది మంచి కాసులు ఇమ్మన్నాడు రాజుగారు. తప్పు మనది కదా, అన్నాడు. కానీ కావాలని కాసు చెడగొట్టి తెస్తే, వాళ్ళ పనిముట్లు లాక్కోమన్నాడు.

ఒకరోజు పెళ్ళివారి గుండిగలకి కళాయి పోస్తే, మస్తానమ్మకి కూలిలో ఒక వింత కాసు వచ్చింది. చేప పక్కకి జరిగిపోయింది. తోక అంచు దాటి పోయింది. మూతి ముందర నెలవంకంత ఖాళీ!

అప్పుడు మస్తానమ్మ తిత్తీ, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని టంకశాలకి వెళ్ళింది. అక్కడ కాసులు పరీక్షించే షరాబు కూర్చుని ఉన్నాడు. ఆమెకంటే ముందు ఇద్దరున్నారు.

మొదటాయనది జరీ కండువా. "రాగికి బదులు వెండి మీద అచ్చు పడిందండీ" అని తెల్లటి కాసు ఒకటి ఇచ్చాడు. షరాబు లేచి నిలబడి మరీ పది కాసులు చేతిలో పెట్టాడు.

రెండో ఆయన గుర్రబ్బండిలో వచ్చాడు. "చేపకి తల పడలేదు" అన్నాడు. షరాబు ఆయనకీ పది ఇచ్చాడు.

ఆ తర్వాత మస్తానమ్మ వంతు. "చేపకి తోక పడలేదండీ" అంది. షరాబు ఆమె కాసు చూళ్ళేదు. సంచీ చూశాడు.

"ఆకురాయి నీ దగ్గరే ఉంది. తోక నువ్వే అరగదీశావు, దొంగమొహమా! ఎవడ్రా అక్కడ, ఆ తిత్తి లాక్కోండి!"

మస్తానమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? తిత్తి లేకపోతే కొలిమి లేదు. కొలిమి లేకపోతే ఇంట్లో పొయ్యి లేదు.

"గురి తప్పింది మీ సమ్మెట, దొంగ పేరు నాకా?" అని వీధంతా వినపడేలా అరిచింది. "మూడు కాసులూ బల్లమీద పెట్టండి. ఎవరు దొంగో తేలాకే నా తిత్తి ముట్టుకోండి!"

జనం మూగారు. గోల విని టంకశాల పెద్దాయన బయటికొచ్చాడు. "చెప్పనీయండి" అన్నాడు. జరీ కండువా ఆయన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

మస్తానమ్మ ముందు త్రాసు అడిగింది. ఒక పళ్ళెంలో మంచి కాసు, రెండో దాంట్లో తన కాసు వేసింది. సరిసమానంగా తూగాయి. తల లేని చేప కాసు వేస్తే తేలిపోయింది. "అరగదీస్తే కదా తగ్గేది!" అంది.

అప్పుడు తన కాసు తిప్పి చూపించింది. వెనక వరి కంకి కూడా అటే జరిగి ఉంది. "పైనొక అచ్చు, కిందొక అచ్చు, మధ్యలో బిళ్ళ. దెబ్బ ఒకటే. బిళ్ళ జరిగితే రెండువైపులా జరగాలి. మరి ఆ తల లేని చేపకి వెనక కంకి నిక్షేపంగా నడిమధ్యనే ఉందేం?"

ఆ తర్వాత తిత్తి ఊది అక్కడే కొలిమి రాజేసింది. తెల్ల కాసుని పట్టకారుతో నిప్పుల మీద పెట్టి, దూదితో ఒక్క తుడుపు తుడిచింది. తెలుపంతా దూదికొచ్చింది. కింద ఎర్రటి రాగి!

"కళాయి! అదీ మొరటు కళాయి" అంది మస్తానమ్మ. "నా చేతి పనైతే ఇంత గరుకుగా ఉండదు."

జనం ఘొల్లుమన్నారు. భటులు ఇద్దరు పెద్దమనుషుల్నీ పట్టుకున్నారు. షరాబు గబగబా పది కాసులు తీసి ఆమె ముందు పెట్టాడు. మస్తానమ్మ కదల్లేదు.

"కాసులు నాకు రావాల్సినవే, తీసుకుంటాను. నలుగురిలో దొంగన్నారు. నలుగురిలోనే ఆ మాట వెనక్కి తీసుకోండి."

షరాబు గొణిగాడు. "వినపళ్ళేదు" అంది. షరాబు నేల చూస్తూ అన్నాడు. "నేలకి కాదు, నాకు చెప్పండి" అంది. అప్పుడు షరాబు లేచి నిలబడ్డాడు. జరీ కండువాకి నిలబడ్డట్టే నిలబడి, ఆమె మొహం చూస్తూ గట్టిగా చెప్పాడు: "తప్పు నాది, మస్తానమ్మా. నువ్వు దొంగవి కాదు."

మస్తానమ్మ తిత్తి భుజాన వేసుకుని ఇంటికెళ్ళింది.

చేప కాసు పెట్టెలోకి,
చెడ్డ మాట ఏట్లోకి,
కథ వెళ్ళె కంచిలోకి,
కన్నా, నువ్వు దుప్పట్లోకి!