ఏడు చిటికెల నల్లపొడి

గుట్ట కింద కంపదొడ్డిలో బొల్లి గొర్రె ఒక్కతే ఉంది. దగ్గుజ్వరం తగిలిందని తోటి గొర్రెలు దాన్ని విడిగా పెట్టాయి. వైద్యం ముంగిస తాతది. "రోజుకో చిటికెడు చొప్పున ఏడు రోజులు నల్లపొడి మింగు. ఒక్కటి తగ్గినా ఊరుకోను," అని గట్టిగా చెప్పి పోయాడు.

మూడోనాటికి జ్వరం దిగింది. కంచె అవతల కూతురు బుడ్డి "అమ్మా" అని అరుస్తుంటే బొల్లి ప్రాణం ఉసూరుమంది. పలకరించే దిక్కు లేదు, ఒళ్లు ఆనించి పడుకునే తోడు లేదు. గొర్రెకి ఒంటరితనాన్ని మించిన జబ్బేముంటుంది చెప్పండి!

సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది.

"ఏం చెల్లెమ్మా, తగ్గిందా?"

"తగ్గిందన్నా. ఇంకా నాలుగు చిటికెలు మింగాలట."

"ఓసి పిచ్చిదానా! ఏరు దాటాక తెప్పని నెత్తినెత్తుకుంటారా? ఆ మిగిలింది నాకియ్యి. నలుగురికీ వైద్యం చేసి పేరు తెచ్చుకుంటా. నువ్వు నీ పిల్ల దగ్గరికి పో."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా! పొడి ఇచ్చేసి, బొల్లి ఒక్క దూకులో మందలో కలిసింది.

ఇక నక్క వైద్యం జోరందుకుంది. కుందేలు తుమ్మితే రెండు రోజులు నల్లపొడి. లొంగకపోతే తాత గూట్లోంచి కాజేసిన పచ్చపొడి, అదీ రెండు రోజులే. మేక దగ్గితే ఎర్రపొడి. ఎవరికీ ఏదీ పూర్తిగా లేదు.

వానలు వెనకబట్టేసరికి బుడ్డికి జ్వరం కాసింది. తాత మూడు పొడులూ ఏడేసి రోజులు పెట్టాడు. ఊహూఁ, దిగలేదు.

"ఎందుకు పనిచెయ్యట్లేదు తాతా?" అనడిగింది బొల్లి.

"నువ్వు మూడోరోజు మానేశావు చూడు, అప్పటికి నీ ఒంట్లోని జబ్బు పురుగుల్లో మెతకవే చచ్చాయి. మొండివి మిగిలి పిల్లల్ని పెట్టాయి. కుందేలు ఒంట్లోవి పచ్చపొడికి, మేక ఒంట్లోవి ఎర్రపొడికి మొండికేశాయి. అందరూ తాగే గుంటలో చేరి ఒకదాని కిటుకు ఇంకోదానికి నేర్పాయి. నా దగ్గర ఇంకో మందు లేదే తల్లీ."

"దీని దగ్గరికి రావడానికే కదా నేను మానేసింది!" అని బొల్లి భోరుమంది.

నక్కకీ అదే జ్వరం అంటుకుంది. మూడు పొడులూ కలిపి నాకినా దిగక, బొరియలో మూలుగుతూ పడుంది. చూడ్డానికి ఎవరూ పోలేదు.

రెండ్రోజులకి బుడ్డి పోయింది. మంద మేతకి కదులుతూ రమ్మని పిలిచింది. చుట్టూ ఇంతమంది ఉన్నా బొల్లికి ఇప్పుడు ఎవరూ లేరు.

నీతి: తగ్గిందని మందు సగంలో ఆపితే, మిగిలిన జబ్బు ఆ మందునే మింగి లేస్తుంది.