రాతి కిర్రుచెప్పులు

చట్టం వచ్చిన రోజున ఓదెలు అన్నం తినలేదు.

వెట్టి చేయించుకున్న దొరల విగ్రహాలు సర్కారు జాగాలో ఉండకూడదని అసెంబ్లీలో చట్టం చేశారు. రాళ్ళవాగు బస్టాండు ముందర అట్లాంటిది ఒకటుంది, నరహరి దొరది. దొర పోయాక కొడుకులు పెట్టించారు. చెక్కింది కనకాచారి. ఆయన దగ్గర మీసాలు మొలిచే వయసులో పనికి చేరిన ఓదెలుకు ఇప్పుడు ఆ మీసాలే నెరిశాయి.

ఓదెలు సంగతి ఊరందరికీ తెలుసు. రాయి ముందు ఎంత ఓర్పో, మనుషుల దగ్గర అంత కోపం. హోటల్లో ఎవరో "మంచి చట్టమే తెచ్చిండ్రు" అన్నందుకు సగం చాయ్ వదిలేసి లేచాడు. చాయ్ వదిలిపెట్టే మనిషి కాదు మరి.

సరాసరి గురువు ఇంటికి పోయాడు. కనకాచారి వాకిట్లో కూర్చుని ఉలికి సాన పడుతున్నాడు. చేతులు వణికి రాయి కొట్టడం ఎప్పుడో మానేశాడు గాని, పొద్దున్నే ఉలులకు సాన పట్టనిదే ఆయనకు తోచదు.

"అయ్యా, మన బొమ్మను తీసేస్తరట."

"విన్న."

"విని గిట్ల కూసున్నరా? చట్టంల ఒక దారున్నది. పనితనం గొప్పదని చెక్కినాయన నోటితో చెప్తే, ఆడనే ఉంచుతరట. సోమవారం ఆఫీసరు వస్తడు. ఒక్క మాట చెప్పుండ్రి, చాలు."

కనకాచారి సాన ఆపలేదు. "ఆ బొమ్మ మీద నీకెందుకురా అంత పాయిరం?"

"చెప్పులు నేను చెక్కిన గదా అయ్యా."

నిజమే. మొహం, చేతులు, ధోవతి మడతలు అన్నీ గురువువి. చెప్పులు మాత్రం ఓదెలుకు వదిలాడు. అది అతని మొదటి పని. ఆ ఎండాకాలం తలుచుకుంటే ఇప్పటికీ తడిసిన రాతిపొడి వాసన ముక్కుకు తగులుతుంది. కొలిమిలో ఉలులు ఎర్రగా కాలేవి. పొద్దెక్కేసరికి గురువమ్మ అంబలి తెచ్చేది, నంజుకోను ఉల్లిగడ్డ. దొర తొడిగిన కిర్రుచెప్పులను చూసి చెక్కమని గడీ నుంచి రోజూ పంపేవాళ్ళు. పోశాలు అనే జీతగాడు వాటిని గుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకొని తెచ్చేవాడు, మాపటికి మళ్ళీ నెత్తిన పెట్టుకొని పోయేవాడు. ఓదెలు ఆ చెప్పులను చూసీ చూసీ, కుట్టు కుట్టునూ రాతిలోకి దించాడు.

పని అయిపోయినప్పుడు గురువు వంగి చాలాసేపు చూశాడు.

"అంత వచ్చింది గని, కిర్రు రాలే" అన్నాడు.

కిర్రుచెప్పులంటే ఈ కాలం వాళ్ళకు తెలుసో లేదో. అడుగు వేస్తే తోలు కిర్రుకిర్రుమనేది. దొర గడీ దిగితే ఆయన కన్నా ముందు ఆ చప్పుడే వాడ చివరికి వచ్చేది. ఇక ఎక్కడి వాళ్ళక్కడ లేచి, కాళ్ళ చెప్పులు విడిచి చేత పట్టుకొని, గోడవారకు జరిగి నిలబడేవాళ్ళు. ఆయన పోయినాక కూర్చునేవాళ్ళు.

ఎక్కడన్నా రాయి కిర్రుమంటుందా? ఓదెలు ఆ మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాడు. ఎన్ని గుళ్ళకు ఎన్ని బొమ్మలు చేశాడో లెక్కలేదు. సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు. అయినా బస్టాండు వైపు పోతే చాలు, ఆ చెప్పుల ముందు ఆగి ఏం తక్కువైందా అని వెతుకుతాడు.

"అవి పోతే నాకేం మిగుల్తది అయ్యా? ఆనాడు మీరు బాగుందనలే. ఎన్నటికన్న అంటరని..." మనవలున్న మనిషి, భుజం మీది తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కనకాచారి ఉలి పక్కన పెట్టాడు. "రేపు మిట్టమధ్యాహ్నం రా. పోయి చూసొద్దాం."

ఓదెలు సంబరపడిపోయాడు. ఒక్కసారి కళ్ళారా చూస్తే ముసలాయన మనసు కరగదా అనుకున్నాడు.

మరునాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. తారు మెత్తబడింది. ఇద్దరూ బస్టాండు రేకుల కింద నిలబడ్డారు. ఓదెలు విగ్రహాన్ని చూస్తున్నాడు. గురువు దారి వైపు చూస్తున్నాడు.

"అయ్యా, బొమ్మ ఇటున్నది."

"బొమ్మ నాకెరుకే. నువ్వు దారి చూడు."

రోజూ ఆ వేళకు ఆ దారిన పోయే పోశాలు అంగడి మలుపు నుంచి వస్తున్నాడు. నడుం వంగింది, చూపు తగ్గింది. కొడుకు కుట్టించిన కొత్త తోలుచెప్పులు చంకలో ఉన్నాయి. కాలే తారు మీద ఉత్త కాళ్ళతో, తల వంచుకొని గబగబా విగ్రహాన్ని దాటాడు. అవతలి తుమ్మచెట్టు నీడకు పోయాక చెప్పులు కింద పెట్టబోయాడు.

ఓదెలు ఎన్నోసార్లు ఈ చోట నిలబడ్డాడు గాని, ఎప్పుడూ విగ్రహం వైపు తిరిగే నిలబడ్డాడు.

"పోశాలన్నా!" అని అరిచాడు. "గీ ఎండల గిదేం పని? దొర సచ్చి ఎన్నేండ్లాయె!"

పోశాలు దొరికిపోయిన వాడిలా నవ్వాడు. "నాకెరుకేనయ్యా. కాళ్ళకెరుక లేదు."

కనకాచారి వంగి తన చెప్పులు విడిచాడు. చంకలో పెట్టుకొని, పోశాలు నడిచిన దారినే, ఆ తారు మీద నడవసాగాడు.

"అయ్యా! కాళ్ళు కాల్తయయ్యా!"

గురువు వెనక్కి చూడలేదు. గురువు ఉత్త కాళ్ళతో పోతుంటే శిష్యుడు చెప్పులతో ఎట్లా పోతాడు? ఓదెలూ విడిచాడు. చుర్రుమంది. ప్రాణమంతా అరికాళ్ళలోకి వచ్చింది. ఉరుకుదామంటే ముందర గురువు మెల్లగా నడుస్తున్నాడు. అట్లా నడిచేటప్పుడు తల దానంతటదే వంగింది. వంగిన తలకు ఎదురుగా, గద్దె మీద, తను చెక్కిన చెప్పులు కనిపించాయి. కుట్లు ఎంత బాగున్నాయో.

ఇంటికొచ్చాక ఓదెలు గురువు కాళ్ళ మీద నీళ్ళు పోశాడు.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. "ఏమంటరు పెద్దాయనా? ఉంచమంటరా?"

కనకాచారి ఓదెలు వైపు చెయ్యి చూపించాడు. "చెప్పులు వాడు చెక్కిండు. వాన్నే అడుగుండ్రి."

ఓదెలు అరికాళ్ళ బొబ్బలు ఇంకా మానలేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"తీసేయాలె సార్" అన్నాడు చివరికి. "గని మీ మనుషులొద్దు, పలగ్గొడ్తరు. మేమే దించుకుంటం."

రాయి మీద మొదటి ఉలి పెట్టే ముందు నీళ్ళు చల్లి, పసుపు పెట్టి, మన్నించమని అడగడం వాళ్ళ పద్ధతి. దించే రోజున కూడా కనకాచారి అట్లాగే చేశాడు. "తల్లీ, కదిలిస్తున్నం. ఏమనుకోకు" అన్నాడు. ఆ మాట దొరతో కాదు, రాయితో.

మోకులు కట్టారు. గురువు అరుగు మీద కూర్చుని ఐలేసా పాడాడు, ఆనాడు నిలబెట్టినప్పుడు పాడినట్టే. ఆ గొంతు వినేసరికి ఓదెలుకు కొలిమి, అంబలి, గురువమ్మ అన్నీ గుర్తొచ్చాయి. ఏడుస్తూనే మోకు లాగాడు. విగ్రహం బండెక్కింది. రాతి చెప్పులను ఒకసారి అరచేత్తో తడిమి, బండిని ఆ విగ్రహం చెక్కిన పాత కార్ఖానాకు పంపేశాడు.

మధ్యాహ్నమైంది. గురుశిష్యులు మోకులు చుట్టుకుంటున్నారు. అంగడి మలుపులో పోశాలు కనిపించాడు.

ఎప్పటిలాగే మలుపులోనే వంగి చెప్పులు విడిచాడు. చంకలో పెట్టుకొని తల వంచుకొని వచ్చాడు. గద్దె దగ్గరికి రాగానే ఏదో తేడా తోచి ఆగాడు. తలెత్తాడు. గద్దె మీద ఎవరూ లేరు, ఆకాశం ఉంది.

ఎండలో అట్లాగే నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. ఆ నడిరోడ్డు మీదే చెప్పులు కింద వేసి, ఒక్కొక్క కాలే దూర్చాడు. అడుగు వేశాడు.

కిర్రు.

తన చప్పుడుకు తానే ఉలిక్కిపడ్డాడు. మరో అడుగు వేశాడు. కిర్రు. ఇక ఆగలేదు. తొందర లేకుండా, నింపాదిగా, గద్దె ముందు నుంచే నడిచి పోయాడు.

ఓదెలు చేతిలో మోకు అట్లాగే ఉండిపోయింది. కనకాచారి కళ్ళు మూసుకొని, ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు.

"ఇప్పుడొచ్చిందిరా" అన్నాడు.