పడవకి ఆకలెయ్యదు

“పడవ లేనిదానికి వాటా ఏంటే?” అని దానయ్య, “పడవకి ఆకలేస్తుందా మావా?” అని ఎర్రమ్మ, ఆ రేవులో ఇరవై ఏళ్ళుగా తిట్టుకుంటూనే ఉండేవాళ్ళు. దానయ్య ఊరిపెద్ద. మూడు పడవలుండేవి, ఆశ మాత్రం ముప్పై పడవలకి సరిపడా ఉండేది. ఎర్రమ్మకి మొగుడు లేడు. రేవులో చేప కొని, ఉప్పేసి ఎండబెట్టి, సంతలో అమ్ముకునేది.

ఆ ఊళ్ళో ఏ డబ్బొచ్చినా ఊరిపెట్టెలో వేసి పడవకింత అని పంచడం ఆచారం. పడవల్లేని ఇళ్ళకి పైసా రాదు.

తుఫానొచ్చి ఇళ్ళు పీక్కుపోయింది. ఆడవాళ్ళ ఉప్పు బస్తాలు కరిగిపోయాయి, తట్టలు కొట్టుకుపోయాయి. వారం తర్వాత సాయం చేసేవాళ్ళు జీపులో వచ్చారు. “ఎవరికేం కావాలో వాళ్ళకే తెలుసు” అని బియ్యం, దుప్పట్ల బదులు ఇంటికి ఏడు వేలు ఆడవాళ్ళ చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకుని వెళ్ళారు.

జీపు మలుపు తిరిగిందో లేదో, దానయ్య పెట్టె పట్టుకొచ్చాడు.

“వెయ్యండి.”

“ఇది నా ఇంటికిచ్చింది. ఉప్పు కొనుక్కోవాలి” అంది ఎర్రమ్మ.

“వెయ్యకపోతే రేవులో నీకు ఒక్క చేప అమ్మనివ్వను. ఇసక ఎండబెట్టుకో.”

మగాళ్ళు నవ్వారు. ఒక్కడూ అడ్డురాలేదు. ఎర్రమ్మ వేసింది. పడవల్లేని ఇరవై మూడు ఇళ్ళూ వేశాయి. దానయ్య మూడు వాటాలు తీసుకుని కొత్త వల కొన్నాడు.

అయిదో రోజున నెత్తళ్ళ చేపలు గుంపులుగా వచ్చాయి. కొత్త వల చిరిగేంత పడింది. దానయ్య ఒడ్డున గుట్ట పోశాడు. కరెంటు లేదు, ఐసు లేదు. ఐసు లేందే లారీవాడు రాడు. ఇక ఆడవాళ్ళు కొని ఉప్పెయ్యాల్సిందే.

“వేలంపాటకి రండే! సగం ధరకిస్తాను!” అని అరిచాడు దానయ్య.

“దేంతో కొనమంటావు మావా? వేలిముద్రతోనా?” అంది ఎర్రమ్మ. “ఉప్పు బదులు ఇసక చల్లమంటావా?”

ఈసారి ఆడవాళ్ళు నవ్వారు. సాయంత్రానికి గుట్ట కంపు కొట్టింది. మర్నాడూ అంతే. రెండు రోజుల చేప గొయ్యి తీసి పూడ్చాడు.

మూడో రోజు దానయ్య ఎర్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“అప్పు మీద తీసుకోవే. డబ్బు తర్వాతిద్దువు.”

“ఉప్పు కూడా అప్పు పెడతావా? తట్టలూ నువ్వే అల్లుతావా? ముందు ఇరవై మూడు ఇళ్ళకీ ఏడేసి వేలు కట్టు. అప్పటిదాకా నీ చేపని ఒక్కతీ ముట్టదు.”

“తిన్నది నేనొక్కణ్ణేనా?”

“పెట్టె పట్టుకొచ్చింది నువ్వు.”

వాటాలు తిన్న మగాళ్ళు ఆ రోజు ఒక్కడూ కనపడలేదు. సముద్రంలో చేప ఇంకా ఉంది. దానయ్య ఒక పడవ అమ్మి ఇరవై మూడు ఇళ్ళకీ కట్టాడు. ఎర్రమ్మ తన ఏడు వేలూ రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడేసుకుని ఉప్పుకి పోయింది. దానయ్యకి దణ్ణం పెట్టలేదు. ఎందుకు పెట్టాలి?

కష్టంలో ఉన్నవాళ్ళకొచ్చిన డబ్బు వాళ్ళ చేతిలోనే ఉండనివ్వాలి, దేనికి ఖర్చుపెట్టాలో వాళ్ళకి తెలుసు. మధ్యలో చెయ్యి పెట్టినవాడు కక్కక తప్పదు, దానయ్య కక్కింది అక్షరాలా లక్షా అరవై ఒక్క వెయ్యి రూపాయలు.