నాలుగు గీతల తాటాకు

ఒక నదికి రేవు ఉంది. ఆ రేవులో జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే పని ఆదెమ్మది. ఇరవై ఏళ్ళుగా ఆమె గడ వేస్తే పడవ తిన్నగా పోయేది.

ఒక ఏడు ఆమెకు జబ్బు చేసింది. తల చెప్పిన మాట చేతికి చేరేది కాదు. చేరినా దారిలో సగం అరిగిపోయి చేరేది. ఆ రాజ్యంలో దాన్ని దారి చెదిరే జబ్బు అనేవారు.

పొద్దున లేస్తూనే ఒళ్ళు రాళ్ళు మోసి వచ్చినట్టుండేది. కాళ్ళు మండేవి, పిక్కలు పట్టేసేవి. కంటి మీద కునుకుండేది కాదు. వీటన్నిటితో పాటు దిగులొకటి. దాని సంగతి మాత్రం ఆమె కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. పని తప్పించుకోవడానికి సాకులు వెతుకుతోందంటారని భయం.

రాజుగారి వైద్యశాలకు నాలుగు గుమ్మాలున్నాయి. ఒక్కో గుమ్మం వెనక ఒక్కో వైద్యుడు. నొప్పుల వైద్యుడు తైలమిచ్చి, "నిద్ర సంగతి నాకు తెలియదు, పక్క గుమ్మంలో అడుగు" అన్నాడు. నిద్ర వైద్యుడు గుళికలిచ్చి, నీరసానికి ఇంకో గుమ్మం చూపించాడు. దిగులు వైద్యుడి గుమ్మం ముందు ఆదెమ్మ కాసేపు నిలబడి, ఎవరైనా చూస్తారేమోనని తిరిగి వచ్చేసింది.

గుళికల మత్తు మిట్టమధ్యాహ్నం దాకా వదల్లేదు. నడి నదిలో గడ చేజారింది. పడవలో పురిటికి పుట్టింటికి వెళ్తున్న నిండు చూలాలుంది. అదృష్టం బాగుండి పడవ ఇసుకమేటకు తగిలి ఆగింది. ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. పొట్ట మీద చెయ్యేసుకుని ఆదెమ్మ వంక అలా చూసింది. ఆ చూపు ఆదెమ్మకు చాలా రోజులు అన్నం సయించనివ్వలేదు.

రేవు పెద్ద వచ్చి, "ఆదెమ్మా, నీ మీద కోపం లేదు. కార్తీకం వెళ్ళేలోగా కుదుటపడు. లేదంటే గడ ఇంకొకరికి ఇవ్వక తప్పదు" అన్నాడు.

ఆ వారంలోనే ఒకామె తాటాకుల కట్ట చంకన పెట్టుకుని ఆదెమ్మ ఇంటికి వచ్చింది. వైద్యశాల నుంచే వచ్చానంది.

"ఏం మందు తెచ్చావమ్మా?" అంది ఆదెమ్మ.

"మందు తేలేదక్కా. అడగడానికి వచ్చాను."

"అడిగిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు."

"నేను వేరే సంగతి అడుగుతాను. ఏది ముందు వచ్చింది? దాని వెంట ఏది వచ్చింది?"

ఆదెమ్మ చేతిలో పని ఆగిపోయింది. ఎక్కడ నొప్పి అని అందరూ అడిగారు. ఏది దేని చెయ్యి పట్టుకుని వస్తోందని ఎవరూ అడగలేదు. ఆమె అరుగు మీద కూలబడి అంతా చెప్పింది. దిగులు సంగతి కూడా చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. తాటాకులామె ఓదార్చలేదు, తొందరపెట్టలేదు, చివరిదాకా వింది.

ఆమె వెళ్తూ నలభై ఆకులిచ్చింది. రోజుకొక ఆకు. నీరసానికొకటి, నొప్పికొకటి, నిద్రలేమికొకటి, దిగులుకొకటి చొప్పున నాలుగు గీతలు గియ్యాలి. బాధ ఎంతుంటే గీత అంత పొడుగు. చెయ్యి వణికిన రోజు గీతలూ వణికాయి. అయినా ఆదెమ్మ ఒక్క రోజు కూడా మానలేదు.

అలాంటి ఆకులు అదే జబ్బున్న మూడు వందల ఇళ్ళ నుంచి వచ్చాయి. తాటాకులామె వాటిని వైద్యశాల చావడిలో పరిచింది. నలుగురు వైద్యులూ వచ్చి చూశారు. ఏ ఇంట్లో చూసినా నాలుగు గీతల్లో ఒకటి పెరిగితే, చాలాసార్లు మిగిలినవీ దాని వెంట పెరిగాయి.

సంగతి తెలిసి రాజు కూడా వచ్చి అడిగాడు. "అయితే ఏ మందు చేయించాలి?"

"ముందు గుమ్మాల మధ్య గోడలు తీయించండి" అంది తాటాకులామె.

గోడలు తీశారు. నలుగురూ ఒకే చాప మీద కూర్చుని ఆదెమ్మ ఆకులు చూశారు. ఆమెను నిద్రపోనివ్వనివి పట్టేస్తున్న పిక్కలేనని అప్పుడు తెలిసింది. గుళికలు ఆపి పిక్కలకు వైద్యం చేశారు. నిద్ర కొంచెం పట్టింది. నిద్ర పట్టాక నీరసం కాస్త తగ్గింది. దిగులు పూర్తిగా పోలేదు కానీ, దాన్ని గురించి మాట్లాడే చోటొకటి ఆమెకు దొరికింది.

జబ్బు నయం కాలేదు. ఎండ ముదిరితే చెయ్యి ఇప్పటికీ మాట వినదు. అందుకని చల్లటి పూట గడ ఆదెమ్మది, ఎండ పూట ఆమె చెల్లెలిది. రేవు పెద్ద దానికి ఒప్పుకున్నాడు.

కార్తీకం వెళ్ళాక ఆదెమ్మ ఒక గంప నిండా జామపళ్ళు పెట్టుకుని వైద్యశాలకు వెళ్ళింది. దణ్ణం పెట్టబోతే తాటాకులామె చేతులు పట్టుకుని ఆపింది.

"నేను అడిగానంతే అక్కా. చెప్పింది మీరు. దణ్ణం మీ ఆకులకే పెట్టండి, చావడిలోనే ఉన్నాయి."

చావడిలో అందరి ఆకులూ కలిసిపోయి ఉన్నాయి. ఆదెమ్మ తన ఆకుల కోసం చాలాసేపు వెతికింది. చివరికి ఒకటి తీసి కళ్ళకద్దుకుంది. వణికిన గీతలు నాలుగూ తనవే, సందేహం లేదు.

"అమ్మా, అది నాది" అన్నాడు పక్కన నిలబడ్డ ముసలాయన. కొండ మీది ఊరి నుంచి వచ్చినవాడు. ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు.

ఆదెమ్మ ఆకు వంక చూసింది, అతని చేతి వంక చూసింది. "ఇన్నాళ్ళూ ఈ బాధ నా ఒక్కదానికే అనుకున్నాను బాబాయ్" అంది.

ఆకు తిరిగివ్వబోయింది. ఆయన తీసుకోలేదు.

"ఉంచుకో తల్లీ. నీది ఒకటి వెతికి నాకియ్యి."

ఇద్దరూ చావడిలో కింద కూర్చుని, ఒక్కో జామపండు కొరుకుతూ వెతకడం మొదలుపెట్టారు.