క్లచ్ ఆయిలు దొంగ

జమీందారు గారి పాత కారుకు ఒక వింత జబ్బు పట్టుకుంది. క్లచ్ తొక్కితే పెడల్ నేలకంటేది, గేరు పడేది కాదు. క్లచ్ ఆయిలు డబ్బాలో ఆయిలు పోస్తే నడిచేది. మూడో రోజుకు డబ్బా మళ్లీ ఖాళీ. కారు కింద చూస్తే ఒక్క చుక్క లేదు. ఎవరికీ ఏమీ అంతుపట్టలేదు.

తివాచీ మాసిపోతుందని ఆ కారులోకి అందరూ చెప్పులు విడిచే ఎక్కాలి. డ్రైవరు మస్తాను ఎడమ పాదానికి ఆయిలు అంటి ఉండడం చూసిన దివాను నరసింగరావు, అతణ్ణి జమీందారు ముందుకు లాక్కొచ్చాడు.

"దొంగ వీడే ప్రభూ! ఇవాళే కొలువులోంచి తీసేయండి."

కారు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ పైడయ్య కారులోకి తొంగిచూసి, చేతులు కట్టుకున్నాడు.

"దివాను గారూ, తమరొకసారి ఎక్కి క్లచ్ ఇరవై సార్లు తొక్కండి. దొంగను చూపిస్తాను."

దివాను చెప్పులు విడిచి ఎక్కి, చెమటలు పట్టేలా తొక్కి దిగాడు. ఆయన ఎడమ కాలి వేళ్లన్నీ ఆయిలే.

"ఇంతలోనే కాజేసి ఎక్కడ దాచారు బాబూ?" అన్నాడు పైడయ్య.

జమీందారు పక్కున నవ్వారు. పెడల్ పైనున్న సిలిండరులో రబ్బరు అరిగి, ఆయిలు లోపలికే కారి తివాచీలో ఇంకుతోంది. పైడయ్య రబ్బరు మార్చాడు. మస్తాను మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. దివాను మాత్రం ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికాలి మీద నిలబడ్డాడు.