దాలమ్మ తాళ్ళు

అనగా అనగా, కంప్యూటరు పెట్టెను ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని గుమ్మం దాటని కాలం. మీ తాతలు నిక్కర్లేసుకుని తిరిగిన కాలమనుకోండి. కొండ దిగువన కొన్ని ఊళ్ళుండేవి. ఊరికో చిన్న బడి. అన్నిట్లోకీ చిన్నది జీడివలస బడి. అందులో దాలమ్మ అని ఒక టీచరమ్మ. ఆవిడకి పెద్ద చదువు లేదు, పెద్ద గొంతు లేదు. పట్టిన పట్టు మాత్రం విడిచేది కాదు.

ఒక ఏడు ఆ బళ్ళకి కంప్యూటర్లు వచ్చాయి. టీచర్లు వాటికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, గుడ్డ కప్పి గదిలో పెట్టి తాళం వేశారు.

"ముట్టుకుంటే పాడవుతుంది. పాడైతే మన మెడకి చుట్టుకుంటుంది," అన్నాడు తవిటినాయుడు మాస్టారు. ఆయన అందరిలోకీ పెద్దవాడు. ఆయన మాటంటే అందరి మాటే.

దాలమ్మ దగ్గర అయిదు చదివి పట్నం పెద్దబడికి వెళ్ళిన ఎరకమ్మ అనే పిల్ల, నెల తిరక్కుండానే సంచీ వేసుకుని వచ్చేసింది.

"ఏమే, సెలవులా?"

"కాదు. నానింక ఎల్లను టీచరమ్మా. మేకలు కాసుకుంతాను."

"ఎవరైనా కొట్టారా?"

"కొడితే ఓర్సుకుందును. కంప్యూటరు మీద సెయ్యెక్కడ పెట్టాలో తెలీక నిలబడిపోనాను. అందరూ నవ్వీసినారు."

దాలమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు. 'ఆ చేతిచేత అక్షరాలు దిద్దించింది నేను. అదెక్కడ పెట్టాలో చెప్పాల్సిందీ నేనే' అనుకుంది. వేసవి సెలవులకి పట్నం వెళ్ళింది. తనకన్నా చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూచుని కంప్యూటరు నేర్చుకుంది.

తిరిగొచ్చేసరికి ఆఫీసరుగారి కబురు వచ్చి ఉంది. దసరాలోగా టీచర్లు నేర్చుకుని పిల్లలకి నేర్పాలి. లేకపోతే కంప్యూటర్లన్నీ పట్నం బళ్ళకి పోతాయి. కంప్యూటర్లు పోతే, ఆ ఊళ్ళనుంచి పట్నం వెళ్ళే ప్రతి పిల్లా ఎరకమ్మలాగే తిరిగొస్తుంది. దాలమ్మకి అది తెలుసు. టీచర్లందర్నీ తన బడికి పిలిచింది.

మొదటిసారి, పట్నంలో విన్నది విన్నట్టు అప్పజెప్పింది. టీచర్లు ఆవలించారు.

రెండోసారి, గుడ్డ తీసి ఒక్కొక్కరినీ కంప్యూటరు ముందు కూచోబెట్టింది. తప్పు మీట నొక్కగానే అది 'టింగ్' మంది. అందరూ చేతులు వెనక్కి లాక్కున్నారు. కిటికీ బయటినుంచి చూస్తున్న పిల్లలు కిసుక్కుమన్నారు. తవిటినాయుడు మాస్టారు లేచి కండువా దులుపుకున్నాడు.

"దాలమ్మా, ఒక్కమాట. పిల్లల ముందు తప్పు చేసి నవ్వులపాలైతే, రేపు మనం చెప్పింది వాళ్ళు వింటారా? పట్నానికే పోనీ ఈ పెట్టెల్ని."

"ఇంకొక్కసారి రండి మాస్టారూ. ఈసారి కంప్యూటరు జోలికి పోను."

మూడోసారి వచ్చేసరికి, వాకిట్లో వేపకొమ్మకి పాత చీరల రంగురంగుల పేలికలు తాళ్ళలా వేలాడుతున్నాయి. జడ కోలాటం! చూడనివాళ్ళకి చెబుతాను, వినండి. తలా ఒక తాడు పట్టుకుంటారు. సగంమంది ఇటు తిరుగుతారు, సగంమంది అటు. ఎదురొచ్చిన మొదటి మనిషికి బయటినుంచి పోవాలి, తరవాతి మనిషికి లోపలినుంచి. మళ్ళీ బయట, మళ్ళీ లోపల. అంతే. అలా పోతుంటే పైన తాళ్ళన్నీ జడలా అల్లుకుంటాయి. అమ్మవారి పండగలకి ఆ ఊరి ఆడపిల్లలకి అది నేర్పేది దాలమ్మే.

"మమ్మల్ని గెంతులేయిస్తావా ఏమిటి?" అన్నాడు మాస్టారు.

"చిన్నప్పుడు వేసినవేగా మాస్టారూ, పట్టుకోండి."

జతకి ఒక మనిషి తక్కువైతే దాలమ్మ తానే ఒక తాడు పట్టుకుంది. బయట, లోపల. బయట, లోపల. జడ దిగుతోంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా నవ్వుతూ తిరుగుతున్నారు.

"చూశారా! కంప్యూటరు చేసేదీ ఇదే," అంటోంది దాలమ్మ తిరుగుతూనే, తల వెనక్కి తిప్పి. "చిన్న చిన్న మాటలు. వరస తప్పకూడదు. మళ్ళీ మళ్ళీ అదే..."

పైన జడ వంకర తిరిగింది.

"తప్పు! తప్పు!" అని అందరూ ఒక్కసారే అరిచారు. అందరూ టీచర్లాయె. కళ్ళముందు తప్పుంటే దిద్దకుండా ఊరుకోలేరు కదా! ఒకరు ఇటు దిద్దారు, ఒకరు అటు దిద్దారు, ఒకరు పక్కవాళ్ళ తాడు లాక్కుని దిద్దారు. పైన పనసకాయంత ముడి పడింది.

"తప్పు నాదే అయుంటుంది. నా వల్ల కాదు," అని మాస్టారు తాడు వదలబోయాడు.

"ఎవరూ లాగొద్దు. ఎవరూ వదలొద్దు," అంది దాలమ్మ. "ఒక్కడుగు వెనక్కి."

ఆగారు. తాళ్ళు వదులయ్యాయి. బిగుసుకున్న చోట దాలమ్మ బల్లెక్కి వేళ్ళతో సడలించింది. ఒక్కడుగు వెనక్కి. ఇంకొక్కడుగు వెనక్కి. వచ్చిన దారినే వెనక్కి పోతుంటే ముడి విడుతోంది. బడి అరుగు మీంచి చూస్తున్న పిల్లలు దగ్గరకొచ్చేశారు. చివరికి తప్పు పడిన చోటు బయటపడింది. లోపలికి పోవాల్సిన చోట బయటికి పోయిన తాడు ఒకటుంది. అందరూ దాని వెంట కళ్ళు దించుకుంటూ వచ్చారు.

దాని కొస దాలమ్మ చేతిలో ఉంది.

దాలమ్మ చెవులు వేడెక్కాయి. నేర్పేది తనే, తప్పింది తనే. పిల్లలందరూ చూస్తున్నారు. తాడు గట్టిగా పట్టుకుంది.

"తప్పు నాది. ఇదిగో, ఇక్కడ. మాటల్లో పడి లోపలికి పోవడం మరిచిపోయాను."

ఒక్క పిల్లా నవ్వలేదు. పిల్లల్లోంచి ఎరకమ్మ ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇటు టీచరమ్మా. ఇలాగెల్లాలి."

దాలమ్మ అలాగే వెళ్ళింది. బయట, లోపల. జడ మళ్ళీ నున్నగా దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మాస్టారు కాసేపు ఆ జడనే చూశాడు. తరవాత గదిలోకి వెళ్ళి కంప్యూటరు మీద గుడ్డ తీశాడు.

"ఎరకమ్మా, ఇలా రా తల్లీ. ముందు నేను తప్పు చేస్తాను, నువ్వు చూస్తూండు."

నొక్కాడు. 'టింగ్' మంది.

"ఒక్కడుగు వెనక్కి మాస్టారూ," అంది ఎరకమ్మ.

దసరాకి ఆఫీసరుగారు వచ్చేసరికి ఏ బడిలోనూ కంప్యూటరు మీద గుడ్డ లేదు. ఒక్క పెట్టె కూడా కొండ దిగువ దాటలేదు. ఎరకమ్మ పట్నం బడికి తిరిగి వెళ్ళింది. ఈసారి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలిసే వెళ్ళింది.

ఆ తరవాత దాలమ్మ తాళ్ళ మూట భుజాన వేసుకుని ఊరూరూ తిరిగింది. ఎక్కడ టీచర్లు కంప్యూటరుకి బొట్టు పెట్టి తాళం వేశారని వింటే అక్కడ మూట విప్పేది. కాళ్ళాడినన్నాళ్ళూ తిరిగింది. ఆవిడ పోయిన రోజున టీచర్లంతా వచ్చి ఆ వేప కిందే జడ అల్లారు. ఆవిడ తాడు ఎరకమ్మ పట్టుకుంది. అప్పటికి ఆ బడి టీచరమ్మ ఎరకమ్మే.

ఇప్పటికీ కొండ దిగువ బళ్ళలో కొత్త టీచరు వస్తే, కుర్చీ చూపించే ముందు తాడు కొస చేతికిస్తారు. బడి తెరిచిన రోజున కంప్యూటరు మీద మొదటి తప్పు టీచరే చెయ్యాలి. అది అక్కడి ఆచారం. పిల్లలు ఊపిరి బిగబట్టి దానికోసమే కాచుకుని కూచుంటారు. 'టింగ్' మనగానే బడంతా ఒక్క గొంతుతో అరుస్తుంది:

"దాలమ్మ అడుగు టీచరమ్మా, దాలమ్మ అడుగు!"

టీచరమ్మ ఒక్కడుగు వెనక్కి వేస్తుంది. పాఠం మొదలవుతుంది.